తలుపు దగ్గర ఆగిపోయిన పాట

పాత పాటల గురించి పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: సంపాదకులకు నమస్కారాలు. నేను పుట్టి పెరిగింది ఒంగోలులో. ఉద్యోగరీత్యా ఐర్లాండుకు వచ్చి, ఇక్కడి అబ్బాయిని పెళ్లి చేసుకుని, గాల్వే కౌంటీ తూర్పు భాగంలోని ఒక పల్లెలో పదకొండేళ్లుగా కాపురం ఉంటున్నాను. మా వారి నాయనమ్మగారికి ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు. ఏటా క్రిస్మస్ రాత్రి భోజనాలయ్యాక ఆమె పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని ఒక పాట పాడతారు. మా ఆడపడుచు ఆమె చేయి పట్టుకుని, తిరగలి పిడి తిప్పినట్టు నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది. పాడేవారి చేయి అలా పట్టుకోవడం ఇక్కడి ఆచారమట. పాటలో వానకు తడుస్తున్న ఒక అమ్మాయి, ఆమె చేతుల్లో చల్లబడిపోయిన పసిబిడ్డ, గ్రెగరీ అనే ప్రభువు ఇంటి తలుపు వస్తాయి. లోపలి నుంచి ఎవరో ఏదో అడుగుతారు. అక్కడితో నాయనమ్మగారు ఆగిపోతారు. ఆ తరువాత చేతిరుమాళ్ల సంగతి ఏదో ఉండేదని, తన అమ్మమ్మ పాడగా చిన్నప్పుడు విన్నానని, మాటలు మాత్రం పోయాయని అంటారు. పాటలో వచ్చే ఊరి పేరును కూడా ఆమె ఒకలా, మా అత్తగారు ఒకలా పలుకుతారు. వచ్చే క్రిస్మస్ నాటికి పాట మొత్తం రాసి ఆమె చేతిలో పెట్టాలని నా కోరిక. తెలుగు పత్రికను ఈ ప్రశ్న అడగడం మీకు వింతగా తోచవచ్చు. పాత పాటల మీద మీరు రాసేవన్నీ మా అమ్మ ఫోనులో చదివి వినిపిస్తూ ఉంటుంది కనుక ధైర్యం చేసి రాస్తున్నాను. ఎక్కడ వెతకాలి, ఎలా వెతకాలి?
— గాల్వే నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా మీకు ఊరట కలిగించే మాట చెబుతాము. వాన, చంటిబిడ్డ, గ్రెగరీ పేరు, చేతిరుమాళ్లు, తలుపు వెనుక నుంచి వచ్చే ప్రశ్న, ఇవన్నీ ఒకచోట ఉన్నాయంటే ఆ పాట ఏదో తేలిపోయినట్టే. మీ గాల్వే వైపు దానిని ‘ద లాస్ ఆఫ్ ఆక్రిమ్’, అంటే ఆక్రిమ్ ఊరి పిల్ల, అని పిలుస్తారు. ఐర్లాండు దక్షిణాన ‘లార్డ్ గ్రెగరీ’ అంటారు. స్కాట్లండులో కూడా ఈ కథాగేయం ఉంది. అమెరికా పండితుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 నుంచి 1898 వరకు వెలువరించిన 305 కథాగేయాల సంకలనంలో ఇది 76వది.

కథ ఇది. గ్రెగరీ ప్రభువు వల్ల బిడ్డను కన్న ఒక అమ్మాయి వాన రాత్రి ఆ బిడ్డను ఎత్తుకుని వచ్చి అతని కోట తలుపు తడుతుంది. అతను నిద్రలో ఉంటాడు. లోపలి నుంచి అతని తల్లి, తానే గ్రెగరీ అయినట్టు, నీవు నిజంగా ఆ అమ్మాయివే అయితే మన ఇద్దరి మధ్య నడిచిన ఆనవాళ్లు చెప్పమని అడుగుతుంది. అమ్మాయి ఒక్కొక్కటిగా చెబుతుంది: మార్చుకున్న చేతిరుమాళ్లు, మార్చుకున్న ఉంగరాలు, తన ఇష్టం లేకుండా జరిగిపోయిన ఒక రాత్రి. అన్నీ చెప్పినా తలుపు తెరుచుకోదు. ఆ తరువాత గ్రెగరీ పీడకల వచ్చి లేచి, తల్లి నోట జరిగినది విని, గుర్రానికి జీను వేయమని కేకలు వేస్తాడు. ఉంగరాన్ని ఆనవాలుగా చూపడం, వచ్చినవారు తమవారేనా కాదా అని సందేహించడం మన స్త్రీల రామాయణపు పాటలు విన్నవారికి కొత్త విషయాలు కావు. ఊర్మిళాదేవి నిద్ర పాట మీ ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే, ఈ ఐరిష్ పాటలోని చరణాల వరుస మీకు తేలికగానే పట్టుబడుతుంది.

అంటే మీ నాయనమ్మగారి దగ్గర పోయినవి ఏవో నాలుగు చరణాలు కావు. సరిగ్గా ఆనవాళ్ల చరణాలే పోయాయి. ఈ సంగతి మాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తున్నది. ఎందుకంటే ఇదే పాట, ఇదే గాల్వేలో, ఇదే చోట ఆగిపోయిన ఒక సందర్భం ప్రసిద్ధమైనది ఉంది. నవలాకారుడు జేమ్స్ జాయిస్ జీవిత సహచరి నోరా బార్నకిల్‌ది గాల్వే. ఆమె పుట్టింటి వారి పాటగానే ఇది జాయిస్‌కు దగ్గరయింది. 1907లో రాసి, 1914లో ‘డబ్లినర్స్’ సంపుటిలో అచ్చయిన ‘ద డెడ్’ అనే కథలో ఆయన ఈ పాటను పెట్టాడు. విందు ముగిసి అతిథులు వెళ్లిపోతున్న వేళ మేడ మీది గదిలో ఒకాయన ఈ పాట పాడుతుండగా, అది విని మెట్ల మీద ఒక స్త్రీ కదలకుండా నిలబడిపోతుంది. పాడేవానికి మాటల మీదా గొంతు మీదా నమ్మకం లేనట్టుందని జాయిస్ అక్కడ రాశాడు. కథలో మనకు దొరికేది కూడా వానలో తడిసిన జుట్టు, చల్లబడిన బిడ్డ ఉన్న చరణం మాత్రమే, అదీ మధ్యలోనే తెగిపోతుంది. కథ రాసిన రెండేళ్లకు, 1909 ఆగస్టులో, ఆయన గాల్వే వెళ్లి నోరా తల్లి చేత ఈ పాట పాడించుకున్నాడు. ఆమె పాడింది; కానీ ప్రేమికులు ఆనవాళ్లు మార్చుకునే చివరి చరణాలు పాడడానికి ఆమెకు ఇష్టం లేకపోయిందని ఆయన నోరాకు ఉత్తరంలో రాశాడు.

ఆ తల్లికి మాటలు రాక కాదు, అల్లుడి వరస మనిషి ముందు ఆ మాటలు పలకడానికి మనసొప్పక ఆగినట్టుంది. పెళ్లి కాకుండా తల్లి అయిన పిల్ల, ఆమె ఇష్టం లేకుండా గడిచిన రాత్రి, వీటిని ఇంటిల్లిపాదీ వింటుండగా పాడడం ఆ కాలపు ఐర్లాండులో చిన్న విషయం కాదు. మన ఇళ్లలో కూడా ఆడవాళ్లు తమలో తాము పాడుకునే పాటలను మగపిల్లలు గదిలోకి రాగానే ఆపేయడం మా తరం వాళ్లం చూశాము. మీ నాయనమ్మగారు నిజంగా మరిచిపోయి ఉండవచ్చు. లేదా ఆమె అమ్మమ్మే పిల్లల ముందు ఆ చరణాలు దాటవేసి పాడి ఉండవచ్చు. లేదా ఆ చరణాలు ఇప్పటికీ ఆమె నోట ఉండి, క్రిస్మస్ రాత్రి మనవలు, మునిమనవల మధ్య బయటికి రాకపోవచ్చు. అందుకని ఆమెను అడగవలసింది పండుగ రాత్రి కాదు. మామూలు రోజున, మీరిద్దరే ఉన్నప్పుడు, కూరగాయలు తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో అడగండి. మాటలు అడగవద్దు, కథ అడగండి. ‘తలుపు వెనుక ఉన్నది ఎవరు నాయనమ్మా? ఆ అమ్మాయి ఏమని జవాబు చెప్పింది?’ అంటే, పాట రానివారికి కూడా కథ వస్తుంది, కథ చెబుతుండగా ఒక్కోసారి పాటలోని మాటే నోటి నుంచి జారుతుంది. అలా జారిన మాటను వెంటనే ఉన్నదున్నట్టు రాసుకోండి.

పాడించేటప్పుడు ఫోను రికార్డింగు పెట్టి, ఆమెకు ఎదురుగా కాక పక్కన ఉంచండి. ప్రతిసారీ మొదటి చరణం నుంచే పాడనివ్వండి. ఆగిన చోట నుంచి మొదలు పెట్టమని అడిగితే నోటికి వచ్చిన పాట సాధారణంగా రాదు. వరస పట్టాలెక్కితేనే మాట కదులుతుంది. మాట అందని చోట ఊరికే రాగం తీయమనండి, ఆ రాగంలో ఎన్ని అక్షరాల చోటు ఉందో తరువాత లెక్క పెట్టుకోవచ్చు. ఎంత తెలిసినా మీరు మాట అందించవద్దు. ఒకసారి అందిస్తే, ఆ తరువాత ఆమె పాడేది ఆమె అమ్మమ్మ మాటో మీ మాటో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇంకొకటి గమనించండి. ఐర్లాండులో వాద్యం లేకుండా ఒంటరి గొంతుతో పాడే పాత పద్ధతిని ‘షాన్ నోస్’ అంటారు. ఆ పద్ధతిలో పాడేవారు చాలామంది పాట ముగిసిందనడానికి గుర్తుగా చివరి మాటలను రాగం తీయకుండా మామూలు గొంతుతో పలికేస్తారు. మీ నాయనమ్మగారు ఆగే చోట అలా పలుకుతున్నారా, లేక రాగం గాలిలో ఉండగానే ఆగుతున్నారా? పలికితే ఆమె ఇంటి పాట అక్కడికే పూర్తి అన్నమాట. పలకకపోతే ముందుకు దారి ఉంది.

రాసుకునేది తెలుగు లిపిలో రాసుకోండి. ఈ సలహా తెలుగు మీది అభిమానంతో ఇస్తున్నది కాదు. మీ వారో అత్తగారో రాస్తే చెవికి అందని ముక్కను తమకు తెలిసిన ఇంగ్లీషు మాటగా దిద్దేస్తారు, అది వారి తప్పు కూడా కాదు. మీరు విన్న ధ్వనిని విన్నట్టే అక్షరాల్లో పెట్టగలరు. ఊరి పేరు విషయంలో ఇది ఎంత పనికివస్తుందో చూడండి. గాల్వే కౌంటీలోని ఆక్రిమ్ అసలు ఐరిష్ పేరుకు ‘గుర్రపు గట్టు’ అని అర్థం. ఇంగ్లీషులో ఆ పేరు రాసే తీరుకూ పలికే తీరుకూ పొంతన ఉండదు. పాతకాలపు అచ్చు కాగితం ఒకదానిలో ఈ పాట ‘ఓక్రమ్ పిల్ల’ పేరుతో ఉంది. స్కాట్లండు పాఠాల్లో ఊరు ‘రోక్ రాయల్’ అనీ ‘లోక్ రాయన్’ అనీ మారుతుంది. దక్షిణాన మన్‌స్టర్ ప్రాంతంలో ఆ అమ్మాయి వాటర్‌ఫర్డ్ కౌంటీలోని క్యాపోక్విన్ నుంచి వచ్చిన రాజుగారి కూతురు. మీ అత్తగారు ఒకటి, నాయనమ్మగారు ఒకటి పలుకుతున్నారంటే వారిలో ఒకరు తప్పని తీర్పు చెప్పకండి. నాయనమ్మగారి అమ్మమ్మ ఏ కౌంటీ నుంచి కోడలుగా వచ్చిందో ఆ పలుకుబడి చెప్పవచ్చు.

ఇక వెతకవలసిన చోట్లు. లండనులో లైబ్రేరియన్‌గా పనిచేసిన స్టీవ్ రౌడ్ ఇంగ్లీషు జానపద గేయాలన్నిటికీ ఒక సూచిక తయారు చేశాడు. ఒకే పాట ఎన్ని పేర్లతో, ఎన్ని మొదటి పంక్తులతో తిరుగుతున్నా దానికి ఒకే అంకె ఉంటుంది. ఈ పాట అంకె 49. లండను వాన్ విలియమ్స్ స్మారక గ్రంథాలయం వెబ్‌సైటులో ఆ అంకె వేసి వెతికితే ఎవరు, ఏ ఊరిలో, ఏ సంవత్సరం పాడారో వరుసగా వస్తుంది. పాట మాటలు చాలా వరకు అక్కడ ఉండవు, అవి ఏ పుస్తకంలో, ఏ రికార్డులో ఉన్నాయో మాత్రం ఉంటుంది. ఆ వివరాలు పట్టుకుని డబ్లినులో మెరియన్ స్క్వేర్‌లో ఉన్న ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్‌కు వెళ్లండి. 1987లో మొదలైన ఆ సంస్థ పని ఇటువంటి పాటలను భద్రపరిచి అడిగినవారికి వినిపించడమే. అక్కడ కార్క్ కౌంటీకి చెందిన బెస్ క్రోనిన్ పాడిన ‘లార్డ్ గ్రెగరీ’ కోసం తప్పక అడగండి. ఆమె 1879లో పుట్టి 1956లో మరణించింది. అంటే మీ నాయనమ్మగారి అమ్మమ్మ తరం గొంతు అది. ఆమె పాటలన్నిటినీ 2000 సంవత్సరంలో పుస్తకంగా తెచ్చింది ఎవరో కాదు, ఆమె మనవడే.

అన్నిటికంటే మీకు ఎక్కువ ఆశ పెట్టుకోదగినది ఇంకొకటి ఉంది. 1937 నుంచి 1939 వరకు ఐరిష్ జానపద సంఘం వారు దేశంలోని 26 కౌంటీలలో సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఒక పని అప్పగించారు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లలు ఇంటికి వెళ్లి తాతలను, అమ్మమ్మలను, ఇరుగుపొరుగు ముసలివారిని అడిగి, పాటలు, కథలు, వైద్యాలు, సామెతలు నోటుపుస్తకంలో రాసుకురావాలి. యాభై వేల మంది పిల్లలు రాసిన ఆ పుటలు దాదాపు 7,40,000. ఇప్పుడవి డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఉన్నాయి, ‘దూఖస్’ అనే వెబ్‌సైటులో ఎవరైనా చదవవచ్చు. మీ నాయనమ్మగారు ఆ రోజుల్లో పసిపిల్ల. కానీ ఆమె అక్కలో, అన్నలో, పెద్దమ్మ పిల్లలో అప్పటికి పైతరగతుల్లో ఉండి, అదే అమ్మమ్మ పక్కన కూర్చుని అదే పాట రాసుకుని ఉండవచ్చు. మాటలు కొట్టి వెతకడంతో ఆపకండి, ఎందుకంటే చేతిరాత పుటల్లో స్వచ్ఛంద కార్యకర్తలు తిరగరాసినవి మాత్రమే అలా దొరుకుతాయి. ఆ అమ్మమ్మ ఊరికి దగ్గరి బడి ఏదో కనుక్కుని, ఆ బడి నోటుపుస్తకాలను పుట పుటా తిప్పండి. పుట కింద రాసిన పిల్లవాడి పేరు, చెప్పిన పెద్దవారి పేరు, వయసు చాలా చోట్ల ఉంటాయి. అక్కడ ఇంటి పేరు కనిపించిన రోజు మీకు మేము ఏమీ చెప్పవలసిన అవసరం ఉండదు.

చివరిగా ఒక మనవి. అచ్చు పుస్తకంలో పాట మొత్తం దొరికిన తరువాత, దానినే అందంగా రాసి నాయనమ్మగారి చేతిలో పెట్టాలని తొందర కలుగుతుంది. ఆమె పాడే రెండు చరణాలను అచ్చు పాఠానికి అనుగుణంగా దిద్దకండి. ఆమె పాఠాన్ని ఒక కాగితం మీద, ఆగిన చోట ఆగినట్టే రాయండి. మిగిలిన చరణాలను వేరే సిరాతో, ఎవరి నోటి నుంచి వచ్చాయో పక్కన రాసి చేర్చండి. వరసను కూడా స్వరాలతో రాయించండి. ఆ పని మనకు చేసిపెట్టింది ఐర్లాండు ఆడపడుచే. రోస్కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణంలో పుట్టి సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ 1919లో మన మదనపల్లెలో, రవీంద్రుడు పాడుతుండగా విని, ‘జనగణమన’ వరసను స్వరాలతో కాగితం మీద పెట్టింది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఆరు నెలలుగా న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పక్కింటి పెద్దావిడ మనవణ్ణి ఊపుతూ ‘షూల్ షూల్ షూలరూ, షూల రాక్ షాక్, షూల బాబాకూ’ అని పాడుతుంది. వాళ్ల ముత్తవ్వ ఐర్లాండు నుంచి వస్తూ తెచ్చిన పాటట. ఇవి పిల్లలను ఆడించే ఉత్తుత్తి మాటలేనని ఆమె నమ్మకం. నాకు మాత్రం ఇవి ఏదో భాషలోని మాటలు అరిగిపోయి మిగిలినట్టు అనిపిస్తున్నాయి. మీ అభిప్రాయం ఏమిటి?

సమాధానం: మీ చెవి మిమ్మల్ని మోసగించలేదు, మాస్టారూ. అవి ఐరిష్ భాషలోని మాటలు. మూల పాట పల్లవిని తెలుగు అక్షరాల్లో సుమారుగా ఇలా రాయవచ్చు: ‘షూల్, షూల్, షూల్ అ రూన్, షూల్ గు సొకర్ అగస్ షూల్ గు క్యూన్, షూల్ గు డొరస్ అగస్ ఏలీ లుమ్, ఇస్ గు జే తూ ము వూర్నీన్ స్లాన్.’ షూల్ అంటే నడువు. రూన్ అంటే ప్రియం అనీ రహస్యం అనీ రెండు అర్థాలు. ‘నడువు, నడువు, నా ప్రియుడా, నెమ్మదిగా నడువు, చప్పుడు కాకుండా నడువు, తలుపు దాకా నడిచి నాతో వచ్చేయి, నా ముద్దులవాడా, నీవు క్షేమంగా వెళ్లుగాక’ అని పల్లవి అర్థం. ‘సొకర్’ అన్న చోట ‘రాక్ షాక్’, ‘క్యూన్’ అన్న చోట ‘బాబాకూ’ వచ్చి కూర్చున్నాయి. అర్థం పోయినా పంక్తుల లెక్క, ఊపు, ప్రాస పోలేదు. భాషాభిమానులు కనుక మీకు ఈ సంగతి కూడా నచ్చుతుంది: అందులోని ‘డొరస్’, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘ద్వారం’ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు.

పల్లవి ఐరిష్‌లో ఉన్నా చరణాలు ఇంగ్లీషులో ఉంటాయి. ప్రియుడికి ఉక్కు కత్తి కొనిపెట్టడానికి ఆ పిల్ల తన కదురు, రాట్నం అన్నీ అమ్మేస్తుంది. అతను ఫ్రాన్సుకు వెళ్లిపోతాడు. దీనిని 1691 నాటి వలసతో ముడిపెట్టి చెబుతారు. ఆ ఏడాది జూలైలో, పై సమాధానంలో వచ్చిన ఆ ఆక్రిమ్ దగ్గరే, ఐర్లాండు కాథలిక్కు సైన్యం ఘోరంగా ఓడిపోయింది. అక్టోబరులో లిమరిక్ సంధి కుదిరాక వేలమంది ఐరిష్ సైనికులు ఫ్రాన్సు కొలువుకు ఓడలెక్కారు. అమెరికాలో ఈ పాట ఇంకొక రూపంలో, మజ్జిగ కొండ అనే అర్థం ఉన్న బటర్‌మిల్క్ హిల్ మీద కూర్చుని సైనికుడి కోసం ఏడ్చే పిల్ల పాటగా కూడా ఉంది. రౌడ్ సూచికలో దీని అంకె 911.

భాష ఎలా అరిగిందో కూడా చెప్పాలి. 1845 నుంచి 1852 వరకు బంగాళదుంప పంట తెగులుతో నాశనమై వచ్చిన మహాక్షామంలో ఐర్లాండులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించిన సంఖ్యలో దేశం విడిచారు. ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. దానికి ముందే బడుల్లో పిల్లల మెడకు ఒక కర్రముక్క వేలాడదీసి, ఇంట్లో గాని బడిలో గాని ఐరిష్ మాట్లాడిన ప్రతిసారీ దాని మీద ఒక గంటు పెట్టి, సాయంత్రం గంట్లు లెక్కించి కొట్టే పద్ధతి ఉండేది. చాలామంది తల్లిదండ్రులు కూడా దానికి సహకరించారు, ఎందుకంటే ఓడ ఎక్కే పిల్లలకు ఇంగ్లీషు కావాలి. అలా దాటివెళ్లిన తల్లి తన పిల్లలకు భాష నేర్పలేదు, జోలపాట మాత్రం పాడింది. మూడో తరానికి ఆ మాటలు ఉత్తుత్తి మాటలయ్యాయి. పక్కింటి పెద్దావిడకు ఈ అర్థం చెప్పేటప్పుడు ఆమె పాడేది తప్పని మాత్రం అనవద్దు. ఆమె ‘బాబాకూ’ అన్నచోట ఒక ముత్తవ్వ ‘చప్పుడు కాకుండా నడువు’ అని పాడిందని చెబితే చాలు. వీలైతే ఆమె పాడినది మీరూ తెలుగు అక్షరాల్లో రాసుకుని, పై పల్లవి పక్కన పంక్తికి పంక్తి పెట్టి చూడండి. ఇంకా ఎక్కడెక్కడ పాత మాట తొంగిచూస్తుందో మీకే కనబడుతుంది.

ప్రశ్న: పాట ముక్కను పత్రికలో వేసి, మిగిలినది తెలిసినవారు పంపండి అని అడగడం వల్ల నిజంగా ఫలితం ఉంటుందా?
— విజయనగరం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ఉంటుంది. అలా అడిగి ఫలితం పొందిన ఉదాహరణ ఐర్లాండు ఉత్తర భాగంలో ఉంది. కోల్‌రేన్ పట్టణంలో వెలువడే వారపత్రికలో 1923 నుంచి 1939 వరకు ‘సాంగ్స్ ఆఫ్ ద పీపుల్’ అనే శీర్షిక నడిచింది. దాని వెనుక ఉన్న శామ్ హెన్రీ వృద్ధాప్య పింఛన్ల అధికారి. పింఛను పనిమీద పల్లెల్లో ముసలివారి ఇళ్లకు వెళ్లడం ఆయన ఉద్యోగంలో భాగం. వెళ్లిన చోట పాటలు అడిగి రాసుకునేవాడు. వారం వారం ఒక పాట, దాని వరసను స-రి-గ-మ లాంటి సంక్షిప్త స్వరాక్షరాలతో సహా అచ్చు వేసేవారు. అది చదివి పాఠకులు తమకు తెలిసిన చరణాలు, తమ ఇంటి పాఠభేదాలు పంపేవారు. ఆ పాటల సంకలనం 1990లో అమెరికాలో పెద్ద పుస్తకంగా వచ్చింది. పాత ఐరిష్ పాట వెతికేవారెవరికైనా ఇప్పటికీ మొదట తీసి చూడవలసిన పుస్తకాల్లో అది ఒకటి.

గాల్వే పాఠకురాలికి ఈ సందర్భంలోనే ఒక మాట. నాయనమ్మగారు ఒప్పుకుంటే, ఆమె పాడిన రెండు చరణాలను మీరు తెలుగు లిపిలో రాసుకున్నది రాసుకున్నట్టుగా మాకు పంపండి. ఊరి పేరు ఆమె ఎలా పలికితే అలాగే, ఆగిన చోట ఆగినట్టే ఈ శీర్షికలో అచ్చు వేస్తాము. ఐర్లాండులో ఉన్న తెలుగువారు ఈ పత్రికను చదువుతున్నారు. వారిలో ఎవరి అత్తవారింట్లోనైనా, ఎవరు పనిచేసే వృద్ధుల ఇంట్లోనైనా, తలుపు వెనుక నుంచి వచ్చిన ప్రశ్నకు ఆ అమ్మాయి చెప్పిన జవాబు తెలిసినవారు ఉంటే మాకు రాయగలరు.